రివర్స్ గేరు లేని ఆట

డ్రైవర్లను పరీక్షించే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బండి ఎలా నేర్పాలో చెప్పే పుస్తకాలు మీకు ఎవరైనా ఇస్తారు. తాళం చెవి ఎవరి చేతిలో పెట్టాలో, ఎవరి చేతిలో పెట్టకూడదో మాత్రం వాటిలో ఉండదు. దానికి కావలసింది అనుమానం. నా దగ్గర అది దండిగా ఉండేది. "బువ్వల రాయి తగిలినా అనుమానమే, తగలకపోయినా అనుమానమే నీకు" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

సారపాక కాగితం మిల్లుకు వెదురు, జామాయిల్ కర్ర తోలే ఒక ట్రాన్స్‌పోర్టులో నేను మొదట క్లీనర్ని. తర్వాత డ్రైవర్నయ్యాను. చివరికి కొత్త డ్రైవర్లను చూసి "పనికొస్తాడు, పనికిరాడు" అని చెప్పేవాణ్ణయ్యాను. ప్రమోషన్ల సంగతి ఇంతే, మళ్లీ ఎత్తను.

ఒక్క విషయం ముందే చెప్పాలి. ఇంకొకరు నడిపే బండిలో నేను ఎన్నడూ కునుకు తీసింది లేదు. నేలకొండపల్లిలో మా అత్తగారింటికి బస్సులో పోతున్నా సరే, నా కుడికాలు దానంతట అదే నేలను తొక్కుతూ ఉండేది, లేని బ్రేకును వెతుక్కుంటూ. "జర ఆపు, బస్సు రేకు ఊడుతది" అని మా ఆవిడ నా మోకాలు పట్టుకునేది. అది జబ్బో, వృత్తి పెట్టిన అలవాటో నాకు తెలియదు.

ముందు సీటు వద్దు

నాకు పని నేర్పింది జబ్బార్ ఉస్తాద్. లారీ లైనులో గురువును ఉస్తాద్ అనే పిలుస్తాం. ఎవరినైనా పరీక్షించాలంటే ఆయన డ్రైవర్ పక్కన కూర్చునేవాడు కాదు. వెదురు లోడు మీదికెక్కి, తాడు పట్టుకుని కూర్చునేవాడు.

"ముందట కూసుంటే నువ్వు రోడ్డును చూస్తవ్. డ్రైవర్ను చూడవ్. మీదెక్కి కూసో, వాడు ఎట్లాంటోడో లోడు చెప్తది" అనేవాడు.

నేను అదే పట్టుకున్నాను. శంకర్ అని ఒకడు వచ్చాడు ఒకసారి. ఒంటి చేత్తో స్టీరింగ్, నోట్లో ఈల, చూడ్డానికి దర్జాగా ఉండేవాడు. మా కాంట్రాక్టరుకు తెగ నచ్చేశాడు. నేను లోడు మీద కూర్చుని రెండు మలుపులు చూశాను. మూడో మలుపుకు తాళ్లు వదులయ్యాయి. వద్దన్నాను. "పిలగాడు గింత హుషారున్నడు, నీ లొల్లి ఏంది?" అని కాంట్రాక్టర్ వాణ్ణే పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఒక మలుపులో లోడు లోడంతా జారి పక్క చేలో పడింది. అదృష్టం, అక్కడ ఎవరూ లేరు. ఆ తర్వాత కాంట్రాక్టర్ నా లొల్లి గురించి మాట్లాడలేదు. మీకూ ఇలాంటి బాసులు తగులుతారు. హుషారు చూసి మురిసిపోతారు. మీరు మాత్రం మురవకండి.

సిస్టర్ అడిగిన సాయం

రెండు వేల సంవత్సరం దాటిన రోజులు. మా దగ్గరలో ఒక చిన్న మిషన్ దవాఖానా ఉండేది. దాన్ని నడిపే సిస్టర్ ఫిలోమినా నర్సు కూడా. కేరళ నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది. వాళ్ల అంబులెన్స్ డ్రైవర్ చిన్నప్ప కంట్లో పొర రావడంతో పని మానేశాడు. వానలు దగ్గర పడ్డాయి. వానల్లో ఆ బండి లేకపోతే అడవి లోపలి గూడేల వాళ్లు రోగిని మంచం మీద మోసుకు రావాలి.

"ఒక అబ్బాయి అడుగుతున్నాడు. మా చర్చి వాడే, ప్రభుదాసు. మంచి పిల్లవాడు. కానీ మంచితనంతో బండి నడవదు కదా. మీరు సరే అంటేనే తాళం చెవి ఇస్తాను" అంది సిస్టర్.

"ఇప్పుడేం పని చేస్తున్నాడు?"

"వీడియో గేమ్ షాపు చూసుకుంటాడు. అందులో కారు ఆట ఉందట. అతన్ని ఎవరూ ఓడించలేరట."

అంబులెన్స్‌కు కారు ఆట అర్హత! అక్కడే నా అనుమానం లేచి కూర్చుంది.

యంత్రం ముందు నేను

షాపు సారపాకలో, మెయిన్ రోడ్డు మీదే. లోపల చీకటిగా, నాలుగు యంత్రాలు మోత పెడుతున్నాయి. మూలన పెద్దది ఒకటి. దానికి సీటుంది, స్టీరింగుంది, కింద రెండు పెడల్స్, పక్కన గేరు కర్ర. ఎదురుగా టీవీలో రోడ్డు. ప్రభుదాసుకు పాతికేళ్లుంటాయి. పెళ్లయింది, చిన్న కూతురుంది. సన్నగా, నవ్వు ముఖంతో ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"రండ్రి అంకుల్, సిస్టర్ చెప్పింది. ఒక ఆట ఆడుతరా?"

అంకుల్ అన్నాడు. ఆ ఒక్క మాటతో మార్కులు తగ్గించేశాను.

సీట్లో కూర్చోగానే అలవాటు కొద్దీ అద్దం సరిచేసుకోబోయాను. అద్దం లేదు. హారన్ కోసం తడిమాను. అదీ లేదు. ఈలోపు టీవీలో పై మూలన అంకెలు తగ్గుతూ పోయి ఆట అయిపోయింది. నా కారు బయలుదేరనే లేదు. వెనక నిలబడ్డ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ప్రభుదాసు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. ఆపుకున్నందుకు ఒక మార్కు వెనక్కి ఇచ్చాను.

అప్పటినుంచి ఆ షాపుకు నేను రోజూ పోయాను. మా వాళ్లు నాకు మతి పోయిందనుకున్నారు. కానీ ఒక మనిషికి ఏ గురువు ఏం నేర్పాడో తెలియకుండా ఆ మనిషిని పరీక్షించలేం. ఇక్కడ గురువు ఈ డబ్బా. కాబట్టి ముందు దాన్నే పరీక్షించాలి.

నిజం చెప్పాలి, దాంట్లో మంచి ఉంది. కొత్తగా నేర్చుకునేవాడు బానెట్ మీదే చూపు పెట్టి చస్తాడు. దూరంగా చూడరా అని మేం నెలల తరబడి మొత్తుకుంటాం. ఈ ఆట ఆ పాడు అలవాటును ఊరికే వదలగొడుతుంది. మలుపు అటు చివర చూడకపోతే అందులో నెగ్గలేవు. ఆ స్టీరింగ్ చేతిని వెనక్కి గుంజుతుంది కూడా, నిజం బండి గుంతలో పడ్డప్పుడు గుంజినట్టే. దానితో చేతులు బిగుసుకోకుండా ఉండడం తెలుస్తుంది. ఎదురుగా హఠాత్తుగా ఏదైనా వస్తే గుడ్లప్పగించి చూడకుండా పక్కకు తిప్పడం తెలుస్తుంది. ప్రభుదాసు ఆడుతుంటే చూశాను. భుజాలు కదలవు, ముఖంలో ఆత్రం లేదు. మా లైనులో పదేళ్లు నడిపినవాళ్లలోనూ అలాంటి చేతులు తక్కువ.

కానీ ఆ డబ్బాలో లేనివి చూడండి. రోడ్డు మీద మేక లేదు. తారు మీద మిరపకాయలు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చిన రైతు లేడు. బ్రేకు ఉంది గానీ దాన్ని తొక్కినవాడు ఓడిపోతాడు. గోడకు రాసుకుంటూ పోతే మలుపు ఇంకా తొందరగా తిరుగుతుంది! నేను అది కళ్లారా చూసి లేచి బయటికొచ్చి టీ తాగాను. కారు బోల్తా కొడితే గాల్లో పల్టీలు కొట్టి, మిణుకుమిణుకుమని, మళ్లీ నడిరోడ్డు మీద నిలబడి ఉంటుంది, గీత కూడా పడకుండా. చావంటే ఏమిటో దానికి తెలియదు. ఇక గేర్లు. ఉన్నవన్నీ ముందుకు పోయేవే. రివర్స్ లేదు. మా అడవి దారుల్లో డ్రైవింగ్ అంటే సగం వెనక్కి పోవడమే. ఎదురొచ్చిన బండికి దారి ఇవ్వడం రానివాడు ఏ గూడేనికీ చేరడు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. ఆ కారులో వెనక ఎవరూ లేరు.

మొదటి పరీక్ష

అంబులెన్స్‌కు లోడు లేదు కదా, మీదెక్కి కూర్చోవడానికి. అందుకని నేను స్ట్రెచర్ మీద పడుకున్నాను. పట్టీలు కట్టుకోలేదు. "అంకుల్, ముందట కూసోండ్రి" అన్నాడు ప్రభుదాసు. "నేను రోగిని. నడుపు" అన్నాను.

మణుగూరు వైపు మెయిన్ రోడ్డు మీద బాగానే నడిపాడు. గుంతలు ముందే చూసి తప్పించాడు. పక్క ఊరికి పోయే ఇరుకు దారిలోకి తిరగగానే లోపలి ఆటగాడు బయటపడ్డాడు. మలుపుల్లో బండి చక్కగానే తిరిగింది, నేను మాత్రం స్ట్రెచర్ మీద అటూ ఇటూ దొర్లాను. అంతలో ఎదురుగా గడ్డి బండి వచ్చినట్టుంది, ఎద్దుల గంటలు వినిపించాయి. వెనక్కి తీసి దారి ఇవ్వాలి. ఇతను ఎడమ చక్రాలు రోడ్డు దించి, బండిని ఒరగదీసి, గడ్డికి రాసుకుంటూ దూసుకుపోయాడు. నేను జారి నేల మీద పడ్డాను, నా తల ఆక్సిజన్ సిలిండర్ స్టాండుకు కొట్టుకుంది.

బండి ఆపి వెనక తలుపు తీశాడు. ముఖం వెలిగిపోతోంది. "చూసిన్రా అంకుల్, యాడా తగల్లే!"

"బండికి తగల్లేదు. నాకు తగిలింది" అన్నాను, నుదురు పట్టుకుని.

అతని ముఖం వాడిపోయింది. నేను ఊరుకోలేదు. ఆ డబ్బాలో లేనివన్నీ అక్కడే, రోడ్డు పక్కన నిలబడి ఏకరువు పెట్టాను. "నీకు ముందు ఉన్నది కనపడుతుంది, వెనక ఉన్నది గుర్తుండదు. నీ ఆటలో నువ్వొక్కడివే. ఇందులో నువ్వు లెక్కలో లేవు, పడుకున్నవాడే లెక్క" అన్నాను.

అతను తల దించుకుని విన్నాడు. "షాపు మూసేస్తున్నరు. ఇది రాకుంటే మణుగూర్ల బొగ్గు టిప్పర్ ఎక్కాలె. రూతువాళ్ల అన్న టిప్పర్ మీదనే కాలు పోగొట్టుకున్నడు. నేను టిప్పర్ ఎక్కుత అంటే రూతు బువ్వ తినుడు బంద్ చేస్తది. ఒక్కసారి, ఇంకొక్కసారి చూడుండ్రి."

రూతు అతని భార్య. జాలి వేసింది. జాలి వేసినప్పుడే ఎక్కువ అనుమానించాలని జబ్బార్ ఉస్తాద్ చెప్పేవాడు. "వచ్చే వారం చూద్దాం" అన్నానే తప్ప మాటివ్వలేదు.

బిందె

మర్నాడు సాయంత్రం చర్చి పక్క మైదానంలో ఒక ట్రాలీ ఆటో వెనక్కి వెనక్కి పోతూ కనిపించింది. ప్రభుదాసు వాళ్ల మామ బండి అది. వెనక తొట్టిలో మూత లేని ఇత్తడి బిందె, నిండా నీళ్లు. మైదానం చుట్టూ, చెట్ల మధ్య నుంచి, రివర్స్‌లోనే తిప్పుతున్నాడు. ఆపినప్పుడల్లా దిగి తొట్టి తడిసిందా అని చేత్తో తడిమి చూస్తున్నాడు.

నేను టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. నేను కనపడే చోటే చేస్తున్నాడు కదా, ఇదంతా నా కోసం వేసే నాటకం అనుకున్నాను. తర్వాతి రోజు వేరే సందులోంచి పోయి, గోడ చాటు నుంచి తొంగి చూశాను. ఆ వయసులో ఆ పని! అప్పుడూ అదే చేస్తున్నాడు. తొట్టి బాగా తడిసినట్టుంది, తనను తానే తిట్టుకుంటూ బిందె మళ్లీ నింపుతున్నాడు. గోడ చాటున ఎవరో ఉన్నారని ఎవరైనా చెప్పి ఉంటారులే అని నాకు నేను సర్దిచెప్పుకుని ఇంటికి పోయాను. చెప్పాను కదా, అనుమానం దండిగా ఉండేదని.

గూడెం నుంచి

రెండో పరీక్ష సిస్టర్ గూడెం పోయే రోజున పెట్టుకున్నాం. మణుగూరు రోడ్డు దిగి, వాగు మీది చప్టా దాటి, అడవిలోకి పోవాలి. ముందు సీట్లో సిస్టర్, స్ట్రెచర్ మీద నేను. పోయేటప్పుడు ఎక్కడా దొర్లలేదు. అయినా నా కుడికాలు గాలిలో బ్రేకు తొక్కుతూనే ఉంది.

గూడెం చేరేసరికి జనం ఎదురు పరుగెత్తుకొచ్చారు. ముత్తయ్య అనే ఆయన జీలుగు చెట్టెక్కి కల్లు గీస్తూ జారి పడ్డాడట. నేల మీద వెల్లకిలా ఉన్నాడు, మూలుగుతున్నాడు. సిస్టర్ వంగి పాదాలు పట్టుకుంది.

"వేళ్లు కదిలించు నాయనా."

కాలి బొటనవేలు కొద్దిగా కదిలింది. సిస్టర్ లేచి మాతో మెల్లగా అంది. "వెన్ను దెబ్బ. ఇప్పటికి కాళ్లకు ప్రాణం ఉంది. కుదుపులో అది పోవచ్చు. అసలు కదపకూడదు, కానీ ఇక్కడ ఉంచలేం."

ఎవరింటిదో తలుపు చెక్క ఊడదీసి, దాని మీద ఆయన్ని పట్టి కట్టి, బండిలోకి ఎక్కించాం. ఆయన భార్య, సిస్టర్, నేను వెనక కూర్చున్నాం. ఎక్కే ముందు ప్రభుదాసు నన్ను పక్కకు పిలిచాడు.

"ఉస్తాద్, మీరు నడుపుతరా?"

అంకుల్ పోయి ఉస్తాద్ వచ్చింది. అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను స్టీరింగ్ వైపు చూశాను. నా లారీ చేతులు ఆ చిన్న బండికి అలవాటు పడలేదని నాకు తెలుసు. అతని మీద నమ్మకం వచ్చిందని మాత్రం అనుకోకండి. "నువ్వే పోనీయ్. వెనక నుంచి నేను చూస్తనే ఉంట" అన్నాను.

బండి కదిలింది. ఎంత నెమ్మది అంటే పక్కన నడిచే పిల్లలు మాతో సమానంగా వస్తున్నారు. ముత్తయ్య మూలుగు పెద్దదైంది. ఆయన భార్య తన భాషలో ఏదో అరిచింది. అర్థం కావడానికి ఆ భాష రానక్కర్లేదు. ముత్తయ్య ముఖం చెమటతో బూడిద రంగుకు తిరిగింది. అది చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. మధ్య కిటికీని అరచేత్తో బాదాను.

"జల్దీ పోనీయ్! గా ఆటల గాలికి పోతవ్ గదా, గిప్పుడేమైంది నీకు?"

అతను వెనక్కి తిరగలేదు. "ఉస్తాద్, మీరు గా చెక్క మీద లేరు. గందుకే గట్ల అంటున్నరు" అన్నాడు.

నా చెయ్యి కిటికీ మీదే ఆగిపోయింది. నా జీవితమంతా లోడు మీద కూర్చుని డ్రైవర్లను తప్పు పట్టినవాణ్ణి. ఒక్క పూట స్ట్రెచర్ దిగేసరికి నా పాఠం నేనే మరిచిపోయాను. సిగ్గేసింది.

చప్టా దాటి దారి ఇరుకైన చోట ట్రాక్టర్ ఎదురొచ్చింది, తొట్టి నిండా ఇటుకలు. అంత లోడున్న తొట్టితో ట్రాక్టర్ వెనక్కి పోవడం కష్టం, అది ఎవరూ అడగరు. ట్రాక్టర్ అతను దిగివచ్చి, "పక్కకు దించు, నేను సందుల నుంచి పోత" అన్నాడు. ఎడమ పక్క నేల మెత్తగా, ఏటవాలుగా ఉంది. మొదటి పరీక్షలో ఇతను దిగింది అలాంటి చోటే. నా కుడికాలు నేలను గట్టిగా తొక్కింది.

"వద్దన్నా, బండి ఒరుగుతది. నేనే ఎనక్కి పోత" అన్నాడు ప్రభుదాసు.

రివర్స్ గేరు పడింది. చప్టా మీదుగా, దాని అవతల వెడల్పున్న చోటి దాకా, అద్దాలు మాత్రమే చూసుకుంటూ వెనక్కి పోయాడు. చప్టా అంచుకు గోడ లేదు. చక్రాలు దాని గతుకులు ఎక్కి దిగడం వినిపించింది గానీ, తలుపు చెక్క కదల్లేదు. నేను దాని మీద చెయ్యి వేసే ఉన్నాను, నాకు తెలుసు. ముత్తయ్య కళ్లు మూసుకున్నాడు. ఆయన భార్య అరవడం మానేసి ఆయన బొటనవేలునే చూస్తూ కూర్చుంది. అది కదులుతూనే ఉంది.

ట్రాక్టర్ పోయాక, గోదావరి వంతెన దాటి భద్రాచలం దవాఖానా చేరేదాకా నేను ఆ చెక్క మీది నుంచి చెయ్యి తీయలేదు. డాక్టరు కాళ్లు పరీక్షించి, "బాగ తెచ్చిన్రు. గిట్ల తెస్తే మాకు పని చేసే వీలుంటది" అన్నాడు. కొన్ని నెలల తర్వాత ముత్తయ్యను నేను సంతలో చూశాను. కర్ర పట్టుకుని, కుంటుతూ, తన కాళ్ల మీదే నడుస్తున్నాడు. చెట్లెక్కడం మాత్రం మానేశాడు.

తిరుగు ప్రయాణం

సిస్టర్ రోగి దగ్గర ఉండిపోయింది. మేమిద్దరమే వెనుదిరిగాం.

"ఇప్పుడన్న ముందట కూసోండ్రి ఉస్తాద్" అన్నాడు ప్రభుదాసు.

"పరీక్ష అయిపోలేదు" అని నేను వెనక్కి ఎక్కి స్ట్రెచర్ మీద పడుకున్నాను. ఇప్పుడు బండిలో రోగి లేడు, సిస్టర్ లేదు, భయం లేదు. మనిషి అసలు రంగు అప్పుడే బయటపడుతుంది. వంతెన మీద ఎంత వేగం పోతాడో చూడాలి, సారపాక దగ్గర మలుపు ఎలా తిప్పుతాడో చూడాలి. చూపు పైన రేకు మీద పెట్టి, చెవులు రిక్కించి, కుడికాలు సిద్ధం చేసుకున్నాను. వంతెన ఎక్కిన చప్పుడు వినిపించింది. వంతెన దిగిన చప్పుడు నాకు గుర్తులేదు.

ఎవరో భుజం తట్టారు. లేచేసరికి మిషన్ గేటు ముందున్నాం. ఇంజిన్ ఆపి ఉంది. ప్రభుదాసు తలుపు దగ్గర నిలబడి, రెండు చేతులు ముందు కట్టుకుని, బిక్కముఖంతో నన్నే చూస్తున్నాడు.

"ఉస్తాద్, చెప్పుండ్రి. నేను పాసా, ఫెయిలా?"

వంతెన తర్వాత ఎలా నడిపాడో నాకు ఒక్క ముక్క తెలియదు. నేను నిద్రపోయాను. ఇంకొకడు నడుపుతున్న బండిలో, నేను.

"తాళం చెవి నీ దగ్గరే ఉంచుకో" అన్నాను.